ఆరో పేరు

బీమ్ దగ్గర కూర్చోబోయే జడ్జీల జాబితా జిమ్నాస్టిక్స్ జట్టు ఎంపిక పోటీలకు సరిగ్గా వారం ముందు వచ్చింది. మొదటి పేరు చదవగానే చిన్నక్కకి ఒళ్ళు మండిపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివినా ఆ పేరు మారలేదు. అది ఆమె సొంత అక్క పేరు.

ఆ అక్కాచెల్లెళ్ళ సంగతి జిమ్నాస్టిక్స్ ఆడేవాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఇద్దరూ ఒకే హాల్లో పెరిగారు, ఒకే కోచ్ చేత చీవాట్లు తిన్నారు. అప్పట్లో అక్కడి పిల్లలు ఒకరిని పెద్దక్క అనీ, ఒకరిని చిన్నక్క అనీ పిలిచేవాళ్ళు. ఆ పేర్లే అతుక్కుపోయాయి. ఇప్పుడు చిన్నక్కకి నలభై నిండాయి, చెంపల దగ్గర జుట్టు నెరిసింది, రెండు మోకాళ్ళూ చలికాలం వస్తే మొరాయిస్తాయి. పాత గోడౌన్ ఒకటి అద్దెకు తీసుకుని పదిహేనేళ్ళుగా ఆడపిల్లలకి శిక్షణ ఇస్తోంది. అయినా చిన్నక్కే. పెద్దక్క ఆట మానేశాక జడ్జీ పరీక్షలు రాసి, ఒక్కో మెట్టూ ఎక్కి, బీమ్ ప్యానెల్‌కి పెద్ద అయి కూర్చుంది. ఇద్దరికీ మాటలు లేక ఇరవై రెండేళ్ళు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందంటారు గాని, వీళ్ళ మధ్య ఆ గడ్డి కూడా అక్కర్లేదు.

గొడవంతా ఒక జత తోలు పట్టీల దగ్గర మొదలైంది. బార్లు పట్టుకుని ఊగేటప్పుడు అరచేతులు చీరుకుపోకుండా కట్టుకునే పట్టీలవి. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే జత ఉండేది. ఇరవై రెండేళ్ళ కిందట, ఇలాంటి ఎంపిక పోటీల్లోనే, పెద్దక్క ముందు ఎక్కింది. పట్టీలు నీళ్ళతో తడిపితే గాని ఆవిడకి పట్టు చిక్కదు. చిన్నక్కకి పొడిగా ఉండాలి. తడి పట్టీలు చేతికొచ్చాయి, ఆ వెంటనే పిలుపొచ్చింది, చిన్నక్క ఎక్కింది, మూడో ఊపుకే చేతులు జారి కింద పడింది. జట్టులో ఐదుగురికే చోటు. పెద్దక్క ఐదోది అయింది, చిన్నక్క ఆరోది అయింది. ఆరో పిల్లని రిజర్వు అంటారు. జట్టు బట్టలిస్తారు, జట్టుతోపాటు తీసుకెళ్తారు, ఐదుగురిలో ఎవరికీ కాలో చెయ్యో విరగకపోతే గ్యాలరీలో కూర్చోబెట్టి వెనక్కి తీసుకొస్తారు. చిన్నక్క అలాగే వెళ్ళింది, అలాగే వచ్చింది. వచ్చిన రోజే ఇద్దరూ పడుకునే గదికి మధ్యలో బట్టల బీరువాని అడ్డంగా జరిపేసింది. కావాలనే తడిపిందని ఆ రోజు అంది, ఈ రోజుకీ అంటోంది.

జాబితా అందిన గంటలోనే ఆమె ఎంపిక సంఘానికి ఘాటుగా ఉత్తరం రాసింది. కోచ్ తోబుట్టువు జడ్జీగా కూర్చుంటే న్యాయం ఎలా జరుగుతుందని నిలదీసింది. రెండు రోజులకి జవాబు వచ్చింది. జడ్జీకి ఆడే పిల్లతో చుట్టరికం ఉండకూడదు గాని, కోచ్‌తో ఉంటే నియమాలు అడ్డురావట. పైగా మీ ఇద్దరికీ మాటలు లేవన్న సంగతి అందరికీ తెలిసిందే కనుక పక్షపాతానికి తావు లేదని చివర్లో ఒక వాక్యం. ఆ వాక్యం రాసినవాడెవడో గాని నవ్వుకుంటూ రాసి ఉంటాడు.

చిన్నక్క హాలు నుంచి ఈసారి పోటీకి వెళ్తున్నది ఒక్క పిచ్చుకే. ఆరేళ్ళ వయసులో అమ్మ చెయ్యి పట్టుకుని హాల్లోకి వచ్చి, చెయ్యి వదిలిన మరుక్షణం కిటికీ చువ్వలు పట్టుకుని పైకి పాకేసిందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు పదిహేడేళ్ళు. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది, కూతురు పోటీల్లో వేసుకునేవి కూడా ఆవిడే కుడుతుంది. రెండేళ్ళ కిందటి ఎంపికకి పిచ్చుక చీలమండ బెణికి రాలేకపోయింది. ఈసారి తప్పితే మళ్ళీ రెండేళ్ళకి, అప్పటికి ఆ ఒళ్ళు ఇలా చెప్పిన మాట వినదు. ఈ సంగతి పిచ్చుకకీ తెలుసు, వాళ్ళమ్మకీ తెలుసు. లెక్కలో తిరకాసేమీ లేదు. పోటీ రెండు రోజులు, రోజూ వాల్ట్, బార్లు, బీమ్, ఫ్లోర్ అని నాలుగు అంశాలు. ఎనిమిది స్కోర్లూ కూడితే పైనున్న ఐదు పేర్లే జట్టు. ఇందులో సిఫార్సులు చెల్లవు, కన్నీళ్ళు అసలే చెల్లవు.

బీమ్ అంటే నేలకి నాలుగడుగుల ఎత్తున అడ్డంగా అమర్చిన నాలుగంగుళాల వెడల్పు దూలం. దాని మీద పిచ్చుక చేసేవాటిలో రెండు చోట్ల కనెక్షన్ ఉంది. అంటే ఒక విన్యాసం ముగిసీ ముగియకముందే రెండోది మొదలైపోవాలి. ఒకటి, వెనక్కి వరుసగా రెండు పల్టీలు. ఇంకొకటి, గెంతి దిగిన కాలి మీదే గిర్రున ఒక చుట్టు తిరగడం. మధ్యలో ఆగకుండా చేస్తే ఒక్కోదానికి పాయింటులో పదో వంతు అదనంగా వస్తుంది. ఆగిందా లేదా అన్నది జడ్జీ కంటికి వదిలేస్తారు. ఈసారి ఆ కన్ను పెద్దక్కది.

అందుకే వారమంతా చిన్నక్క పిల్ల ప్రాణం తోడేసింది. రెండో పల్టీకి పాదం బీమ్‌కి తగిలిందో లేదో, ఆగావని అరిచేది. ఆగలేదని పిచ్చుక అంటే, "ఆగలేదని నాకు కాదే, ఆవిడకి అనిపించాలి" అనేది. ఆవిడ అన్న మాట రోజుకి నలభైసార్లు వచ్చేది. ఆవిడ కన్ను పాము కన్ను, ఆవిడ మనసు ఇనుప మనసు, ఆవిడ ముందు తల వంచావంటే నీ తల నేనే తీస్తాను అని పాఠం. గెంతి తిరిగేచోట కాలు కాస్త తడబడుతోందని పిచ్చుక ఒకసారి చెప్పింది. అది తర్వాత చూద్దాం, ముందు పల్టీల సంగతి చూడమని చిన్నక్క కొట్టిపారేసింది. ఆ తర్వాత అన్నది మళ్ళీ రాలేదు.

మొదటి రోజు పోటీ హాల్లో అడుగుపెట్టగానే సుద్దపొడి గొంతులోకి దిగింది. మూలమూలనా కాళ్ళున్న పళ్ళాలు, పళ్ళాల నిండా తెల్లటి పొడి, చుట్టూ పట్టు జారకుండా ఆ పొడి చేతులకి రుద్దుకుంటున్న పిల్లలు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. నిన్నటిదాకా ఒకే గదిలో పడుకుని జడలు వేసుకున్నవాళ్ళు కూడా ఆ రోజు ఒకరి పళ్ళెంలో ఒకరు చెయ్యి పెట్టలేదు. గోడకి పెద్ద స్కోరు తెర, దాని కింద అప్పీళ్ళ బల్ల, ఆ బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న గుమాస్తా. బీమ్‌కి ఎదురుగా నీలం కోటు వేసుకుని పెద్దక్క కూర్చుంది. చిన్నక్క ఆ కోటు వంక చూసి మొహం పక్కకి తిప్పుకుంది. పెద్దక్క అసలు చూడనే లేదు, దాంతో ఆమెకి ఇంకా కాలింది.

పక్క హాలు నుంచి వచ్చిన మీసాల కోచ్ ఒకాయన ఉన్నాడు. ఆయన పిల్ల పొడుగ్గా ఉంటుందని నిచ్చెన అంటారు. పిచ్చుకకీ నిచ్చెనకీ మధ్యే ఐదో చోటు కోసం లాగులాట జరుగుతుందని అందరి అంచనా. మీసాలాయన తీరిగ్గా దగ్గరికొచ్చి, మీ అక్కగారే కూర్చున్నారు కదా, ఇంక మీకేం బెంగ అన్నాడు. మీసాలకి సుద్ద అంటింది, ముందు అది తుడుచుకోండి అని చిన్నక్క అంది. ఆయన నిజంగానే తుడుచుకున్నాడు.

ఆ రోజు పిచ్చుక బీమ్ దివ్యంగా చేసింది. కష్టానికి ఇచ్చే మార్కు పూర్తిగా 5.4 వచ్చింది, రెండు కనెక్షన్లూ ఇచ్చేశారు. ఇంకొకరైతే సంతోషించేవారు. చిన్నక్క మాత్రం రాత్రి పడుకోబోయే ముందు కూడా సణుగుతూనే ఉంది. రేపటి కోసం కత్తి దాచుకుంది, ఈ రోజు మంచిదని పేరు తెచ్చుకుని రేపు గొంతు కోస్తుంది, నాకు తెలియదా దాని బుద్ధి అంది. పిచ్చుక గోడ వైపు తిరిగి పడుకుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి లెక్కలు ఒక కొలిక్కి వచ్చాయి. పైన నలుగురు ఎవరికీ అందనంత దూరంలో ఉన్నారు. ఏడు స్కోర్లు కూడితే నిచ్చెనకి 88.55, పిచ్చుకకి 88.35. ఇక మిగిలింది చెరొకటి. పిచ్చుకకి బీమ్, ఆ తర్వాత నిచ్చెనకి ఫ్లోర్.

చిన్నక్క ఎప్పుడూ బీమ్ చివర, పిల్ల దిగేచోట నిలబడేది. ఆ రోజు అక్కడ నిలబడలేదు. సుద్ద పళ్ళెం పక్కన, పెద్దక్క కుర్చీకి ఏటవాలుగా ఒక జాగా చూసుకుంది. అక్కడి నుంచి ఆవిడ కుడి చెయ్యి బాగా కనిపిస్తుంది. జడ్జీలు తల వంచరు, కళ్ళు పిల్ల మీదే ఉంచి ఒక్కో విన్యాసానికి ఒక్కో గుర్తు గిలికేస్తూ పోతారు. కనెక్షన్ ఇస్తే ఆ రెండు గుర్తుల కిందా ఒక గీత గీస్తారు. చిన్నక్క కూడా ఒకప్పుడు జడ్జీ పరీక్షలో మొదటి మెట్టు రాసింది, ఆ గుర్తులన్నీ ఆమెకి తెలుసు. పెన్ను కదలికను బట్టి ఏం రాస్తున్నారో చెప్పగలదు. ఈసారి దొంగని చేత్తో సహా పట్టుకోవాలని తీర్మానించుకుంది.

పిచ్చుక బీమ్ ఎక్కింది. చిన్నక్క పెన్నుని చూసింది. పాదాలు బీమ్ మీద పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, పెన్ను కదులుతూనే ఉంది. టప్‌మని ఒక పల్టీ, టప్‌మని రెండో పల్టీ. పెన్ను రెండు గుర్తులు గిలికింది. చిన్నక్క గీత కోసం చూసింది. పెన్ను ఆగింది. ఒక చుక్క పెట్టినట్టు కాగితం మీద ఆనింది, లేచింది, తర్వాతి గుర్తుకి వెళ్ళిపోయింది. గీత లేదు. దొరికావు అని లోపల్లోపలే అనుకుంది. గ్యాలరీలో జనం ఒక్కసారి అయ్యో అన్నట్టు ఏదో సద్దు వినిపించింది గాని, ఆమె కళ్ళు ఆ చేతి మీద నుంచి కదల్లేదు. పిచ్చుక దిగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడినప్పుడు మాత్రం అటు తిరిగి గట్టిగా చప్పట్లు కొట్టింది.

తెర మీద అంకెలు పడ్డాయి. కష్టానికి 5.3, చేసిన తీరుకి 7.8, మొత్తం 13.10. రెండు రోజుల కూడిక 101.45.

"చూశావా? పదో వంతు మింగేసింది" అంది చిన్నక్క. మొహం జేవురించింది. నిచ్చెన నిన్న ఫ్లోర్‌లో 12.95 తెచ్చుకుంది. ఈ రోజూ అదే తెచ్చుకుంటే 101.50తో పిచ్చుకను దాటేస్తుంది. ఆ పదో వంతు ఉంటే దాటలేదు. అందుకని అప్పీలు చెయ్యడానికి కారణం ఉంది, కాదనలేం. కాకపోతే ఆమె అప్పీలు కాగితం కోసం పరుగెత్తింది ఆ కారణం కోసమేనా అంటే, ఆమెని దగ్గర్నుంచి చూసినవాళ్ళెవరూ అవునని చెప్పరు.

పిచ్చుక టవల్ భుజాన వేసుకుని వెంటపడింది. "చిన్నక్కా, వద్దు. తిరిగే దగ్గర ఆగాను నేను. ఊగిపోయాను. మీరు చూడలేదా?" అంది.

"అది వేరు. ఆవిడ కోసింది పల్టీల దగ్గర. నా కళ్ళతో చూశాను."

"పల్టీల దగ్గర కూడా పాదం..."

"నోరు మూసుకుని జాకెట్ వేసుకో, ఒళ్ళు చల్లబడుతుంది" అని చిన్నక్క కాగితం నింపడం మొదలుపెట్టింది. రెండు పల్టీల కనెక్షన్ అన్యాయంగా నిరాకరించారు అని పెద్ద అక్షరాలతో రాసింది. అన్యాయంగా అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

అప్పీళ్ళ బల్ల వెనకున్న గుమాస్తా కాగితం అందుకుని కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. అడిగిన ముక్కొక్కటే చూడరని, వీడియో మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా తిప్పి చూస్తారని, మార్కు పెరగొచ్చు, తగ్గొచ్చు, అలాగే ఉండొచ్చని అలవాటు ప్రకారం చదివినట్టు చెప్పాడు. ఈ నియమాలు నాకు నేర్పక్కర్లేదు అని చిన్నక్క అంది. నిజమే, ఆ నియమాలు తన హాల్లో పిల్లలకి నేర్పిన మనిషి ఆమె. అప్పీలు అనేది రెండంచుల కత్తి, లెక్క సరిచూసుకోకుండా ముట్టుకోకూడదని ఆమే చెప్పేది.

అప్పీళ్ళు తేల్చే పై ప్యానెల్‌లో ముగ్గురు. వాళ్ళ పెద్దాయన బట్టతల మీద చెయ్యి వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెద్దక్కని తన కాగితంతో రమ్మన్నారు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు లేచి వెళ్ళి, కాగితం బల్ల మీద పెట్టి పక్కన నిలబడింది. చిన్నక్కకి అక్కడికి వెళ్ళే హక్కు లేదు. తాడు కట్టిన గీతకి ఇవతల నిలబడి, ఆవిడ మొహంలో ఎప్పుడు రంగు మారుతుందా అని చూస్తోంది.

ఈలోపు ఫ్లోర్ మీద నిచ్చెన తన వంతు ముగించింది. చివరి పల్టీలో ఒక అడుగు హద్దు గీత దాటింది. తెర మీద 12.85 పడింది. కూడిక 101.40. పేర్లు పైకీ కిందికీ జరిగి ఆగాయి. ఐదో పేరు పిచ్చుక, ఆరో పేరు నిచ్చెన. మీసాల కోచ్ నుదురు కొట్టుకున్నాడు. గ్యాలరీలో పిచ్చుక అమ్మ లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మెడలోని కొలత టేపును రెండు చేతులతో పట్టుకుంది. పోటీకి కూడా ఆవిడ దాన్ని మెడలోంచి తియ్యడం మర్చిపోయి వచ్చేసింది.

గుమాస్తా గబగబా తాడు దగ్గరికి వచ్చాడు. మంచివాడే పాపం. "మేడమ్, మీ పిల్ల ఐదోది అయింది. పై ప్యానెల్ ఇంకా తేల్చలేదు. అప్పీలు వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టండి, ఇప్పుడైతే కుదురుతుంది" అన్నాడు.

పిచ్చుక చిన్నక్క మోచెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల ఎప్పుడూ ఆమెని ముట్టుకునేది కాదు. "తీసేసుకోండి చిన్నక్కా. మనకి వచ్చేసింది కదా" అంది.

అటువైపు పెద్దక్క తలెత్తి చూసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అక్కాచెల్లెళ్ళ కళ్ళు కలిశాయి. ఆవిడ తల అడ్డంగా ఒక్కసారి, చాలా కొద్దిగా ఊపింది. వద్దు అన్నట్టుంది. చిన్నక్కకి అది అలా కనిపించలేదు. భయపడుతోంది అనుకుంది, తప్పు బయటపడుతుందని వణుకుతోంది అనుకుంది. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"తీసుకోను" అంది. "మనకి రావడం వేరు, ఆవిడ చేసింది వేరు. అందరి ముందూ ఒప్పుకోవాలి."

పిచ్చుక చెయ్యి వదిలేసింది. గుమాస్తా మళ్ళీ అడగలేదు.

మరో రెండు నిమిషాలు పట్టింది. తెర ఒకసారి ఆరి వెలిగింది. పిచ్చుక బీమ్ స్కోరు 13.10 ఉన్నచోట 13.00 వచ్చింది. కూడిక 101.35. ఐదో పేరూ ఆరో పేరూ చోట్లు మార్చుకున్నాయి. నిచ్చెన కెవ్వున అరిచి మీసాలాయన మెడకి వేలాడింది.

చిన్నక్క తాడు దాటేసింది. ఎవరో ఆపబోయారు గాని తోసుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన కోప్పడలేదు, విసుగ్గా వివరంగా చెప్పాడు. గెంతి తిరిగేచోట పిల్ల స్పష్టంగా ఆగింది, ఊగింది కూడా, దానికి జడ్జీ కనెక్షన్ ఇవ్వలేదు, అది సరే. రెండు పల్టీల దగ్గర మామూలు కంటికి అంతుచిక్కదు, జడ్జీ ఇచ్చారు. నెమ్మదిగా తిప్పి చూస్తే మొదటి పల్టీ తర్వాత మడమ సర్దుకుంది, అది ఆగినట్టే లెక్క. చూశాక చూడలేదనలేం కదా, తీసేశాం అన్నాడు.

పెద్దక్క రాసిన కాగితం బల్ల మీదే ఉంది. చిన్నక్క వంగి చూసింది. రెండు పల్టీల గుర్తులు పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య ఒక చుక్క, అనుమానం చుక్క. వాటి కింద, తర్వాత తీరిగ్గా గీసినట్టు, తిన్నగా ఒక గీత. ఎన్నిసార్లు చూసినా ఆ గీత అక్కడే ఉంది.

హాలు వెనక నడవాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర పెద్దక్క గ్లాసు కడుక్కుంటోంది. చిన్నక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది. కాళ్ళ మీద పడడానికి వెళ్ళిందా, కొట్లాటకి వెళ్ళిందా అంటే ఆమెకే తెలియదు. నోరు తెరిస్తే మాత్రం కొట్లాటే వచ్చింది.

"ఇచ్చినదానివి అప్పుడే గీత గీస్తే నీ సొమ్మేం పోయేది?"

పెద్దక్క కుళాయి కట్టేసింది. "అనుమానం వస్తే చుక్క పెట్టుకుంటాను. పిల్ల దిగాక తేలుస్తాను. తేలకపోతే పిల్ల వైపే ఉండాలని నియమం. అందుకే ఇచ్చాను. నీ మొహం చూసి కాదు." గ్లాసు బోర్లించి, చేతులు కోటుకి తుడుచుకుంది. "నేనిచ్చాను. నువ్వు తీయించావు."

"నువ్వు ఎప్పుడేం ఇచ్చావు నాకు? ఆ రోజు పట్టీలు తడిపి ఇచ్చావు, అంతే."

"ఏ పట్టీలు?" అంది పెద్దక్క.

నటిస్తోందేమోనని చిన్నక్క ఆవిడ మొహమంతా వెతికింది. అందులో నటన లేదు. నిజంగానే గుర్తులేదు. ఈ ఇరవై రెండేళ్ళూ చిన్నక్క రోజూ నూరుకుని నూరుకుని పదును పెట్టుకున్నది, అవతలి మనిషి ఎప్పుడో పారేసి మర్చిపోయింది. అంతకంటే పెద్ద అవమానం ఇంకొకటి ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పెద్దక్క రెండడుగులు వేసి ఆగింది. "పిల్ల బీమ్ మీద ఉన్నంతసేపూ నువ్వు నా చెయ్యి చూస్తూ నిలబడ్డావు. అది ఊగినప్పుడు హాలంతా అయ్యో అంది. నువ్వొక్కదానివే అనలేదు" అంది. వెళ్ళిపోయింది.

పిచ్చుక బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని, మణికట్టుకి చుట్టిన అంటుకునే టేపు కొద్దికొద్దిగా ఊడబెరుకుతోంది. పక్కన జట్టు బట్టల సంచి ఉంది, దాని మీద ఆరు అంకె కుట్టి ఉంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే చిన్నక్కకి కాస్త సులువయ్యేది. ఆమె వచ్చి బెంచీ చివర కూర్చుంది. ఇంకా నెల రోజులుంది, ఐదుగురిలో ఎవరికైనా ఏదైనా అయితే నిన్నే దింపుతారు అని మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళ కిందట తనతో కూడా ఎవరో సరిగ్గా ఈ మాటే అన్నారని మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయింది.

టేపంతా ఊడదీసి ఉండ చుట్టాక పిచ్చుక తలెత్తింది.

"మీరు ఆరోది అయినప్పుడు ఆ కోపం మీ అక్క మీద పెట్టుకున్నారు కదా చిన్నక్కా. ఇన్నేళ్ళూ దాంతోనే బతికారు. నేనెవరి మీద పెట్టుకోను?"

నా మీద పెట్టుకో అన్న మాట చిన్నక్క గొంతుదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అని ఉంటే బాగుండేదని తర్వాత ఆమెకి చాలాసార్లు అనిపించింది. కానీ అనలేదు. ఆ రోజుకి కూడా తప్పు ఒప్పుకోవడమంటే ఎదుటివాళ్ళు చెయ్యాల్సిన పనే ఆమెకి.

పిచ్చుక సంచిలోంచి ఒక కాగితం తీసి, బెంచీ మీద ఇద్దరి మధ్యా పెట్టింది. రిజర్వు పిల్ల సొంత కోచ్ సంతకం చేసి ఇవ్వాల్సిన పత్రం అది. జట్టు బయల్దేరేదాకా ఎవరి దగ్గర సాధన చేస్తారని అందులో అడిగారు. సొంత కోచ్ దగ్గర అని ఒక గడి, జట్టు కోచ్ దగ్గర అని ఇంకో గడి. రెండో గడిలో పిచ్చుక అప్పటికే టిక్కు పెట్టేసింది. కింద ఖాళీ జాగా చూపించి, ఇక్కడ పెట్టండి అంది. చిన్నక్క జేబులో పెన్ను కోసం తడుముకుంది, అప్పీలు రాసిన పెన్నే చేతికి తగిలింది. దాంతోనే సంతకం పెట్టింది.